విమానపు ముందు చక్రం పసుపు గీత మీదే ఉన్నా రెక్క కొస ఎందుకు తగిలింది?

ముందు చక్రం గీతను తప్పకపోయినా, గేటు దగ్గరి మలుపులో రెక్క కొస నిచ్చెన బండికి తగిలిందంటే, ఆ బండి స్టాండ్ (విమానం నిలిపే చోటు) హద్దు గీత దాటి నిలిచి ఉండటమే కారణం కావచ్చు. పసుపు గీత చక్రానికి దారి చూపుతుంది. వాహనాలు, పక్క విమానాలు తమ హద్దుల్లో ఉన్నప్పుడే రెక్కలకు సరిపడా ఖాళీ ఉంటుంది. పైగా వెనక్కి వాలిన రెక్కలున్న విమానం తిరిగేటప్పుడు బయటి వైపు కొస మనం ఊహించిన దానికన్నా వెలుపలికి జరుగుతుంది. చాలా పెద్ద విమానాల్లో పైలట్‌కు ఆ కొసలు కనిపించవు కాబట్టి, ఆయన చూసుకుంటారులే అనుకోకూడదు.

ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది: విమానం స్టాండ్‌లోకి తిరగక ముందే హద్దు గీత వెంట నడిచి చూడటం.

1. బండ్లు, కోన్లు, టో బార్లు (విమానాన్ని లాగే కడ్డీలు) అన్నింటినీ గీత వెనక్కి చేర్చండి.
2. స్థలం ఇరుకైతే రెండు రెక్కల వైపులా వింగ్ వాకర్లను (రెక్క కొసల దగ్గర ఉండి ఖాళీ చూసేవారిని) నిలపండి.
3. వారిలో ఒక్కరు కనిపించకపోయినా, ఖాళీపై అనుమానం కలిగినా, మార్షలర్ (సైగలతో విమానానికి దారి చూపే వ్యక్తి) వెంటనే చేతి కర్రలను తలపై అడ్డంగా కలిపి విమానాన్ని ఆపించాలి.
4. ఆగిన తరువాత, ఇంజిన్లు నడుస్తుండగా, అడ్డున్న బండిని తీయడానికి ఎవరూ వాటి ముందుకు వెళ్లకూడదు.