బిర్లాగారి కుర్చీకి కోర్సు ఉందా?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. తమ్ముడూ నేనూ కలిసి రైస్ మిల్లు నడుపుతున్నాం. సిమెంటు, ఐరన్ కొట్టు నా ఒక్కడి పేరు మీద ఉంది. అబ్బాయి ప్లస్ టూ కామర్స్ చివరి ఏడు. ఆదిత్య బిర్లా గ్రూపు ఛైర్మన్ కుమార్ మంగళం బిర్లాగారిలా మన వ్యాపారాలన్నీ ఒక గ్రూపు చేస్తానంటున్నాడు. ఆయన సీఏ చేసి, లండన్‌లో ఎంబీఏ చేశారట. ఒక ప్రైవేటు యూనివర్సిటీవాళ్లు ఫ్యామిలీ బిజినెస్‌లో బీబీఏ, పైన ఒక ఏడాది విదేశం, అంతా కలిపి 32 లక్షలు చెప్పారు. సీఏ మంచిదా, ఆ బీబీఏ మంచిదా? చదువు పాడవుతుందని వాణ్ని ఇంతవరకూ మిల్లు ఛాయలకు రానివ్వలేదు. పెద్దమ్మాయి బరంపురంలో బీకాం చేసి ఇంట్లోనే ఉంది, జీఎస్టీ లెక్కలు చూస్తుంది. సంబంధాలు చూస్తున్నాం. పోయినేడు నాకు స్టెంటు వేశారు. కాస్త త్వరగా చెప్పగలరు.

జవాబు: త్వరగా చెప్పమన్నారు కనుక ముందు జవాబు చెప్పేస్తాను. సీఏ. పక్కన బీకాం కూడా నడవాలి, దూరవిద్య అయినా ఫరవాలేదు. బీబీఏకి అడ్వాన్సు కట్టకండి. కట్టేసి ఉంటే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, మిల్లు బదులు జిన్నింగు ఫ్యాక్టరీయో జీడిపప్పు బట్టీయో ఉంటుంది, అంతే తేడా. అసలు సంగతి ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. మీది స్టెంటు. నాకేదైనా అయితే మిల్లు గతేమిటి అన్న దిగులు పట్టుకుంది మీకు, అది కోర్సు ప్రశ్నగా బయటికొచ్చింది. మీ అబ్బాయి ఏ చదువు చదివినా అయిదారేళ్ల దాకా మిల్లు మొయ్యలేడు. కాబట్టి ఏ కోర్సూ ఆ దిగులు తీర్చదు. తీర్చే పనులు వేరే ఉన్నాయి, వాటికి లక్షలు అక్కర్లేదు. స్టెంటు వేయించుకుని ఏళ్ల తరబడి నిక్షేపంగా వ్యాపారం చేస్తున్నవాళ్లు మీ బజార్లోనే ఉంటారు. తొందరపడి వాడి నెత్తిన బరువు పెట్టకండి.

ఇక బిర్లాగారి సంగతి. బొంబాయిలో బీకాం, సీఏ, 1992లో లండన్ బిజినెస్ స్కూల్ ఎంబీఏ, ఇవన్నీ నిజమే. 1995 అక్టోబరులో తండ్రి ఆదిత్య విక్రమ్ బిర్లా 51 ఏళ్లకే క్యాన్సర్‌తో పోయారు, 28 ఏళ్ల కొడుకు ఛైర్మన్ అయ్యారు. కుర్చీ వచ్చింది డిగ్రీ వల్ల కాదు, ఆ ఇంట్లో పుట్టడం వల్లా, తండ్రి అకాలంగా పోవడం వల్లా. ఆ తండ్రి చదివింది అమెరికాలో కెమికల్ ఇంజినీరింగు. మీకు దగ్గరలోనే రాజాంలో పుట్టిన జీఎంఆర్ గ్రంధి మల్లికార్జునరావుగారిది ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్. రతన్ టాటాది ఆర్కిటెక్చర్. వీళ్ల చదువులు చూసి కోర్సు ఎంచుకోబోతే దారి దొరకదు.

కుర్చీ ఎక్కాక చేసిన పనులు చూస్తే మాత్రం కొంత తెలుస్తుంది. ఆ గ్రూపులో నమ్మకస్తుడైన మేనేజరుకు ఎన్నేళ్లొచ్చినా కొనసాగే అలవాటు ఉండేది. కుర్రాడు వచ్చి అరవైకి రిటైర్మెంటు పెట్టాడు. తండ్రి కాలంనాటి పెద్దవాళ్లను సాగనంపడం ఎంత కష్టమో, మీ మిల్లులో మీ నాన్నగారి నాటి గుమస్తా ఉంటే మీకే తెలుస్తుంది. 2004లో ఎల్ అండ్ టీ సిమెంటు వ్యాపారం చేతికొచ్చి అల్ట్రాటెక్ అయింది. 2007లో వాళ్ల అల్యూమినియం కంపెనీ హిందాల్కో దాదాపు 600 కోట్ల డాలర్లకు నోవెలిస్ అనే విదేశీ అల్యూమినియం కంపెనీని కొంది. మీ జిల్లాలోనే టికిరి దగ్గరున్న ఉత్కల్ అల్యూమినా కూడా హిందాల్కోదే. మీవాడు ఇవన్నీ చదివే ఉంటాడు. చదవని భాగం ఫోన్లది. 2018లో ఈ గ్రూపు ఫోన్ల కంపెనీ ఐడియా, వొడాఫోన్ కలిశాయి. 2019లో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రభుత్వానికి కట్టాల్సిన పాత బకాయిలు మీద పడ్డాయి. 2021లో తన వాటా ప్రభుత్వానికైనా అప్పగిస్తానని రాసి, ఆగస్టులో ఆ కంపెనీ ఛైర్మన్ పదవి వదిలేశారు. అంత దెబ్బ తగిలినా సిమెంటు, అల్యూమినియం ఎందుకు నిలబడ్డాయి? అవి వేరే కంపెనీలు, వేరే బోర్డులు, వేరే బ్యాంకు అప్పులు. హిందాల్కో, అల్ట్రాటెక్‌లలో ఆయన నాన్ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ మాత్రమే. రోజువారీ నడిపేది జీతానికున్న మేనేజింగ్ డైరెక్టర్లు.

మీ ఇంట్లో ఎలా ఉందో చెప్పనా? సీజన్లో ధాన్యం లారీ రాగానే సిమెంటు కొట్టు గల్లాపెట్టెలోంచి డబ్బు మిల్లుకు పోతుంది. సిమెంటు కంపెనీ పేమెంటు గడువు వచ్చేసరికి మిల్లు సీసీ ఖాతాలోంచి, అంటే సరుకు చూపించి బ్యాంకులో వాడుకునే అప్పు ఖాతాలోంచి, తెచ్చి కడతారు. కాదనుకుంటే ఈ పేరా వదిలెయ్యండి. దీన్నే మీవాడు గ్రూపు అనుకుంటున్నాడు. ఒకదానికి జలుబు చేస్తే రెండోదానికి జ్వరం వచ్చే ఏర్పాటు ఇది. వీటిని విడగొట్టడం వస్తేనే తర్వాత కలపడం గురించి మాట్లాడొచ్చు. అందుకే సీఏ అన్నాను, ఆడిటరు బోర్డు కట్టుకోవాలని కాదు.

ఫ్యామిలీ బిజినెస్ బీబీఏల మీద నాకున్న అనుమానాలు కొంచెం విప్పి చెప్పాలి. ఈ మధ్య ప్రతి ప్రైవేటు యూనివర్సిటీ ఒకటి తెరుస్తోంది. బ్రోషర్లో సూటు వేసుకున్న కుర్రాడు, వెనక ఫ్యాక్టరీ. క్లాసులో అందరూ షావుకార్ల పిల్లలే. తప్పు చేస్తే జీతం కోసే పైవాడంటూ ఉంటాడని తెలియకుండానే మూడేళ్లు గడిచిపోతాయి. చెప్పే కేసులన్నీ పెద్ద కంపెనీలవి. మండిలో తేమ యంత్రం 19 చూపిస్తే రైతుతో ఏం మాట్లాడాలో, సొసైటీ సెక్రటరీతో ఏం మాట్లాడాలో ఏ సిలబస్‌లోనూ లేదు. చాలా కోర్సుల్లో ప్లేస్‌మెంట్ ఉండదు, సొంత వ్యాపారం ఉంది కదా అంటారు. అంటే 21 ఏళ్లకు మిల్లు నచ్చకపోతే చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే ముక్క ఉండదు. ఆ 'పైన ఒక ఏడాది విదేశం' అన్నది ఏ కాలేజీలో, ఏ డిగ్రీ, ఎవరు ఇచ్చేది, రాసి ఇమ్మనండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది.

అసలు ఇలాంటి చదువే దండగని అనను. ముంబయి ఎస్పీ జైన్‌లో, హైదరాబాద్ ఐఎస్‌బీలో వ్యాపార కుటుంబాల వాళ్ల కోసం విడతలవారీ కోర్సులు ఉన్నాయి. కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు సొంత కొట్టు. నాలుగేళ్లు దెబ్బలు తిన్నాక వెళ్తే అడగడానికి ప్రశ్నలుంటాయి. పద్దెనిమిదేళ్లకు ఏముంటాయి? లండన్ ఎంబీఏలకు కూడా కొన్నేళ్ల పని అనుభవం అడుగుతారు. ఆ 32 లక్షలు అప్పటిదాకా ఎఫ్‌డీలో ఉంచండి.

సీఏ పరీక్షల వివరాలు మీవాడికి నాకంటే బాగా తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. ఆర్టికల్‌షిప్ గురించి, అంటే ఆడిటరు దగ్గర పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ గురించి మాత్రం వినండి. ఇప్పుడది రెండేళ్లు. మీ రిటర్నులు వేసే ఆడిటరుగారి దగ్గర పెట్టొద్దు. అక్కడ వాడు షావుకారుగారబ్బాయి, ఫైలు మొయ్యమనడానికి వాళ్లకే మొహమాటం. చివరికి హాజరు పట్టీలో సంతకాలు మిగులుతాయి, పని మిగలదు. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో బ్యాంకు ఆడిట్లు, కంపెనీ ఆడిట్లు రెండూ ఉన్న మధ్యరకం ఫర్మ్ చూడండి. పక్కవాడి గోడౌన్లో బస్తాలు లెక్కపెట్టి, పుస్తకంలో ఉన్నవి నేల మీద లేవని మొదటిసారి కనిపెట్టినప్పుడు అబ్బిన బుద్ధి మరిచిపోరు. మీవైపు పిల్లలకు ఇంకో సుఖం, సీఏలో ఆంధ్రా లోకల్, నాన్ లోకల్ పేచీ లేదు. ఒడియా రాయడం రాకపోతే అది కూడా నేర్పించండి. ఇంట్లో తెలుగుతో సరిపోతుంది కానీ భూమి రికార్డు, మండి కాగితం ఒడియాలోనే ఉంటాయి. పక్కవాళ్ల చేత చదివించుకునే షావుకారును గుమస్తాలు ఆటాడిస్తారు.

సీఏలో రెండో మెట్టు ఇంటర్మీడియట్ రెండు మూడుసార్లు పోయిందనుకోండి, అప్పుడు బీకాం ఉంటుంది, లెక్కల జ్ఞానం ఉంటుంది, మిల్లుకు ఆ మాత్రం చాలు. తప్పినందుకు ఇంట్లో పంచాయితీ పెట్టొద్దు.

'చదువు పాడవుతుందని మిల్లు ఛాయలకు రానివ్వలేదు' అన్నారు చూశారా, ఆ వాక్యం దగ్గర మీమీద కోపమొచ్చింది. పద్దెనిమిదేళ్లు దుమ్ము తగలనివ్వలేదు, ఇప్పుడు ఛైర్మన్ కావాలంటున్నారు. పరీక్షలయ్యాక రోజుకు మూడు గంటలు పంపండి, కుర్చీలో కాదు, కాటా దగ్గరికి. బిర్లాల ఇంట్లో 'పర్తా' అని మార్వాడీ లెక్క ఒకటుండేది. ఏ రోజు ఉత్పత్తికి ఆ రోజు ఖర్చెంత, మిగులెంత, అనుకున్నదానికీ అయినదానికీ తేడా ఎంత అన్నది తేల్చేది. ఘనశ్యామ్ దాస్ బిర్లా కాలం నుంచి ఉన్నదది. లండన్‌కు వెళ్లకుండానే దాన్ని వాడికి నేర్పొచ్చు.

100 క్వింటాళ్ల లాటు ఒకటి వాడికి అప్పగించండి. 17 శాతం తేమతో దిగిన ధాన్యం 14 శాతానికి ఆరితే 96.5 క్వింటాళ్లే తూగుతుంది. ఆ మూడున్నర క్వింటాళ్లు ఎక్కడికి పోయాయో వాడు చెప్పగలగాలి. ప్రభుత్వం లాటైతే ఉప్పుడు బియ్యం 68 క్వింటాళ్లు, పచ్చి బియ్యమైతే 67 అప్పజెప్పాలి. మిల్లు ఆడింది 66 అయితే తక్కువైంది మీ జేబులోంచి వస్తుంది. ఊక ఇరవై చిల్లర వస్తుంది, అందులో బాయిలర్ ఎంత తిన్నది? తవుడు ఎవరికి, ఏ రేటుకు పోయింది? నూక తూకం వేశారా, కంటితో చూసి రాశారా? కరెంటు యూనిట్లు, కళాసీల కూలి, గోనె సంచులు, అన్నీ రాసి సాయంత్రానికి ఒక అంకె చెప్పాలి. మొదటి వారం అంకె తప్పే వస్తుంది. ఎందుకు తప్పిందో వెతకడమే వాడి పని, మీరు దిద్దకండి.

రెండో పాఠం బ్యాంకుకు నెలనెలా పంపే స్టాకు స్టేట్‌మెంటు. గోడౌన్లో 90 లక్షల సరుకుందనుకోండి. అందులో 30 లక్షలది ప్రభుత్వ పౌర సరఫరాల కార్పొరేషన్ ధాన్యమైతే అది మీది కాదు, మరపట్టి ఇవ్వడానికి మీ దగ్గరున్నది. దాన్ని మీ స్టాకులో చూపిస్తే బ్యాంకుతోనూ కార్పొరేషన్‌తోనూ ఒకేసారి చిక్కు. మిగిలిన 60లో డబ్బు కట్టని సరుకు 12 తీసేస్తే 48. బ్యాంకు అప్పివ్వకుండా మినహాయించే పాతిక శాతం మార్జిను పోతే 36. రావలసిన బాకీలు పక్కన పెడితే, లిమిటు 60 లక్షలున్నా వాడుకోగలిగేది 36 లక్షలే. మిల్లులు మునిగేది నష్టం వల్ల కంటే ఈ లెక్క తెలియక, రాని డబ్బును నమ్ముకుని ధాన్యం దించుకోవడం వల్లే ఎక్కువ.

ఇప్పుడు మీ దిగులు సంగతి. తమ్ముడూ మీరూ ఇద్దరే పార్టనర్లయితే, ఒకరు పోతే ఆ ఫర్మ్ అక్కడితో ఆఖరు, డీడ్‌లో ఏం రాసుకున్నా సరే. ఒక్కడితో పార్టనర్‌షిప్ ఉండదు. కొట్టు మీ సొంత పేరు మీదుంది కనుక మీ జీఎస్టీ నంబరు మీతోనే పోతుంది. వారసులు కొత్త నంబరు తీసుకుని, సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు పాత క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. ఈలోగా సీసీ ఖాతా ఆగుతుంది, సరుకు గోడౌన్లోనే ఉంటుంది. మూడో పార్టనరును చేర్చడమా, ఎల్ఎల్‌పీ (పార్టనర్ల పూచీకి హద్దు ఉండే ఫర్మ్) చెయ్యడమా అన్నది ఆడిటరుతో ఈ నెలలోనే తేల్చుకోండి. అబ్బాయికి 18 నిండగానే పేరు ఎక్కించేద్దామని మాత్రం అనుకోకండి. పార్టనరైతే మిల్లు అప్పుకు వాడి సొంత ఆస్తి కూడా పూచీ. మార్పు చేసిన 15 రోజుల్లో జీఎస్టీలో చూపాలి, బ్యాంకు ఒప్పుకోలు ముందే కావాలి. విల్లు కూడా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చెయ్యండి. ఖాతాలో నామినీ ఉన్నంత మాత్రాన ఆస్తి నామినీది కాదు. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత అమ్మాయికీ పుట్టుకతోనే సమాన వాటా ఉంది, అది మరిచి రాస్తే మీ తర్వాత పిల్లలిద్దరూ కోర్టు మెట్లెక్కుతారు.

అమ్మాయి ఊసెత్తాను కనుక అడుగుతున్నాను. ఉత్తరంలో ఆమెకు రెండు ముక్కలే ఇచ్చారేమండీ? మీరు ఆసుపత్రిలో ఉన్న నెల రిటర్ను ఎవరు వేశారు? మిల్లు లెక్క తెలిసిన మనిషి ఇంట్లో ఉండగా, కాటా చూడని కుర్రాడి కోసం 32 లక్షలు లెక్కపెడుతున్నారు. బీకాంలో 55 శాతం దాటి ఉంటే ఆమెకు సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ అక్కర్లేదు, నేరుగా ఇంటర్మీడియట్‌కు నమోదు చేసుకోవచ్చు. తమ్ముడికంటే ముందే సీఏ అయ్యే అవకాశం ఉంది. పెళ్లి దీనికి అడ్డం కాదు, లెక్కల పని ఎక్కడున్నా చెయ్యొచ్చు. ఆమెకు ఇష్టమా కాదా అన్నది నన్ను కాదు, ఆమెను అడగాలి. పార్టనర్‌షిప్ డీడ్ తియ్యడానికి బీరువా తెరిచినప్పుడు ఆమె మార్కుల షీటు కూడా బయటికి తియ్యండి.