అడవి వాకిట్లో అంగడి

ప్రకృతి పర్యాటకం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటిలో ఆందోళన ఉంది. కొన్నిటిలో మాత్రం ‘ఫరవాలేదు, కానివ్వండి అని మీరు ఒక్క మాట అంటే చాలు’ అన్న ఆశ కనిపించింది. చాలా ఏళ్లు అడవి అంచున వసతిగృహం నడిపినదాన్ని కాబట్టి ఆ ఆశ ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. నెలాఖరున లెక్కల పుస్తకం తెరిచినప్పుడు పుడుతుంది. అందుకే ముందుగా అలాంటి ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది అడవి పక్కన ఎనిమిది కుటీరాల వసతి. సెలవుల్లో గదులు కావాలని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇంకో ఆరు కట్టాలనుకుంటున్నాం. ఎంతమంది వరకు వస్తే అడవికి హాని ఉండదు? ఒక అంకె చెప్పండి.

అంకె చెప్పను. మీ చోటుకు సరిపోయే అంకె నా దగ్గర ఉండదు, మీ దగ్గరే తేలాలి. అంకెలు పెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. రువాండాలో పర్వత గొరిల్లాల ఒక్కో గుంపు దగ్గరికి రోజుకు 8 మంది సందర్శకులనే, అదీ ఒక్క గంటసేపే అనుమతిస్తారు. అంటార్కిటికాలో ఒక స్థలంలో ఒకేసారి 100 మందికి మించి ఒడ్డుకు దిగకూడదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవరినీ దింపకూడదు. గొరిల్లాల విషయంలో భయం ఏమిటంటే మన జలుబు, దగ్గు వాటికి ప్రాణాంతకం కావచ్చు. అంటార్కిటికాలో భయం గూళ్లు పెట్టుకున్న పెంగ్విన్ల గురించి, ఒకసారి నలిగితే తేరుకోవడానికి దశాబ్దాలు పట్టే నాచు గురించి. ముందు భయం ఏమిటో తేల్చుకున్నారు, తర్వాతే అంకె వేసుకున్నారు. మీ ఉత్తరంలో ఆ మొదటి సంగతే లేదు.

అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 1985లో ఈ ప్రశ్ననే తిరగేశారు. ఎంతమందిని రానివ్వవచ్చు అని కాకుండా, ఎంత మార్పు వరకు మనం ఒప్పుకుంటాం అని అడగమన్నారు. ఆ గీత దాటగానే ఏం చేయాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. వినడానికి చిన్న తేడాగా ఉంటుంది గానీ, పని మొత్తం మారిపోతుంది. అతిథులను లెక్కపెట్టడం మానేసి నేలను కొలవడం మొదలుపెడతారు.

నేలను ఎలా కొలవాలో చెబుతాను. మీ కాలిబాటలో బాగా చెమ్మ ఉండే చోటు ఒకటి ఎంచుకోండి. వాన పడ్డాక అక్కడ నీళ్లు నిలుస్తాయి. ముందు నడిచేవారు బూట్లు తడుస్తాయని పక్కన గడ్డి మీద అడుగు వేస్తారు. వెనకవారు అదే అడుగులో అడుగు వేస్తారు. కొన్నాళ్లకు గడ్డి పోయి అక్కడా బురదే అవుతుంది, కొత్తగా వచ్చినవారు ఇంకొంచెం పక్కకు జరుగుతారు. మూరెడు బాట చివరికి బండి పట్టేంత అవుతుంది. ఆ చోట బాటకు అటూ ఇటూ ఒక్కో మేకు దిగ్గొట్టి, ప్రతి నెలా టేపు పెట్టి వెడల్పు రాసుకోండి. అదే చోటు నుంచి, అదే ఎత్తులో ఒక ఫొటో తీయండి. వెడల్పు పెరుగుతుంటే బాటకు అడ్డంగా రాళ్లు పేర్చి నీటిని పక్కకు మళ్లించండి, నడవడానికి మెట్టురాళ్లు వేయండి. అప్పటికీ పెరుగుతుంటే మనుషులను తగ్గించండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తొక్కిడి వల్ల నేలకు జరిగే నష్టంలో పెద్ద వాటా మొదట నడిచిన కొద్దిమంది వల్లే జరుగుతుంది. ఆ తర్వాత ఎందరు నడిచినా అదనంగా జరిగే నష్టం అంతకంతకూ తగ్గుతుంది. కాబట్టి రద్దీ తగ్గించాలని నాలుగు కొత్త బాటలు తీస్తే నష్టం నాలుగు చోట్ల కొత్తగా మొదలవుతుంది. వైవిధ్యం పేరుతో ఏటా ఒక కొత్త బాట కొట్టించే యజమానులను చూశాను. అతిథులు ఎవరూ అడగరు దాన్ని! గట్టి నేల ఉన్న ఒకే బాట ఉంచండి, మిగతా అడవిని దాని మానాన వదిలేయండి.

ఇక ఆరు కుటీరాల మాట. వేసవిలో మీ బావి ఎంత ఊరుతుందో, అదే నీటిని వాడుకునే ఇరుగుపొరుగుకు ఎంత మిగులుతుందో చూశారా? సెప్టిక్ ట్యాంకు కొలత సగటు రోజును బట్టి వేయించారా, సెలవుల రద్దీని బట్టి వేయించారా? పట్టేదానికన్నా ఎక్కువ నీరు ఒక్కసారిగా వస్తే ట్యాంకులో మడ్డి అడుగుకు దిగే వ్యవధి ఉండదు. అది నీటితో పాటు బయటికి వెళ్లి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. ఆ తర్వాత మురుగు వాగును వెతుక్కుంటూ పోతుంది. ఈ రెండు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టేదాకా పునాది తవ్వకండి. ఈలోగా ఉన్న ఎనిమిదింటిలోనే ఒక్క రాత్రి బస తీసేసి, కనీసం మూడు రాత్రులు పెట్టి చూడండి. వచ్చిపోయే వాహనాలు తగ్గుతాయి, ఉతికే దుప్పట్లు తగ్గుతాయి, గదులు మాత్రం నిండే ఉంటాయి.

ప్రశ్న: జంతువులు కనబడకపోతే అతిథులు డబ్బు వాపసు అడుగుతున్నారు. మా గైడు ఈమధ్య ఫోనులో కూతలు వినిపించి పక్షులను రప్పిస్తున్నాడు. నీటిగుంట దగ్గర ఉప్పు కూడా వేస్తున్నాడు. అతిథులు సంతోషంగా ఉన్నారు. ఇది తప్పా?

తప్పే. ఫోనులో కూత వినగానే మగపక్షి తన తావులోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుంటుంది. మేత వదిలి, ఒక్కోసారి గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. మీ అతిథులు ఫొటో తీసుకుంటారు. మధ్యాహ్నం బృందానికి మళ్లీ అదే కూత, అదే పక్షి. ఇక ఉప్పు, మేత వేసిన చోట జంతువులు గుమిగూడతాయి, ఒకదాని రోగం ఇంకొకదానికి అంటుకుంటుంది. మనిషంటే బెదురు పోయిన జంతువు ఏదో ఒక రోజు ఎవరి వంటింట్లోనో దూరుతుంది. అప్పుడు చచ్చేది జంతువే.

అయితే గైడును పిలిచి తిట్టకండి. అతని జీతం ఎంత, టిప్పు ఎంత అని చూడండి. ఇల్లు టిప్పుల మీదే గడుస్తున్నప్పుడు, జంతువు కనబడిన రోజే టిప్పు బాగా వస్తున్నప్పుడు అతను ఇంకేం చేస్తాడు? జీతం పెంచండి. టిప్పులన్నీ ఒక డబ్బాలో వేయించి వంటవాళ్లతో సహా అందరికీ పంచండి. తర్వాత మీ ప్రకటన తీసి చూడండి. అందులో జంతువు ముఖం కాగితమంతా పరుచుకుని ఉందని పందెం కాస్తాను. ఆ ఫొటోయే మీరు చేసిన వాగ్దానం, అతిథి దాన్నే తిరిగి అడుగుతున్నాడు. దాన్ని మార్చండి. బుకింగ్ తీసుకునేటప్పుడే ‘కనబడవచ్చు, కనబడకపోవచ్చు’ అని పెద్ద అక్షరాల్లో రాయండి.

ఎంత దూరం ఉండాలన్నది జంతువును బట్టి ఉంటుంది. ఈక్వెడార్‌కు చెందిన గాలపగోస్ దీవుల్లో ధ్రువీకరణ ఉన్న గైడు లేకుండా చాలా సందర్శక స్థలాల్లో తిరగనివ్వరు, జంతువులకు కనీసం 2 మీటర్ల దూరం పాటించాలి. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానంలో ఎలుగుబంట్లకు, తోడేళ్లకు దాదాపు 91 మీటర్లు, మిగతా పెద్ద జంతువులకు 23 మీటర్లు. మీ గైడుకు మాత్రం అంకెకన్నా ముందు ఒక గుర్తు నేర్పండి. మేస్తున్న జింక నమలడం ఆపింది, తల ఎత్తింది, చెవులు మీ వైపు తిప్పింది. అక్కడే ఆగాలి. ముందరి కాలు నేలకేసి కొట్టిందంటే ఆగడం కూడా ఆలస్యమైనట్టే, వెనక్కి రావాలి. మన వల్ల జంతువు తన పని మానుకుందంటే మనం ఎక్కువ దగ్గరికి వెళ్లామని లెక్క.

మరి అతిథికి ఏం చూపించాలంటారా? పాదముద్ర చూసి అది నడిచిందో పరుగెత్తిందో చెప్పగలిగే గైడు ఖాళీ చేతులతో తిరిగిరాడు. పేడపురుగు సాధారణంగా ఎవరినీ నిరాశపరచదు. మా అతిథుల పుస్తకంలో దాని గురించి రాసిన పేజీలు చూసి మొదట్లో నేనే నమ్మలేదు.

ప్రశ్న: ఏ పర్యావరణ ధ్రువపత్రం తీసుకుంటే మంచిది? ఒక సంస్థ రుసుము కడితే వారంలో పంపుతామంటోంది.

వారంలో వచ్చేదాన్ని రసీదు అంటారు. గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ అని ఒక మండలి ఉంది. అది ప్రమాణాలు రాస్తుంది, ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థలకు గుర్తింపు ఇస్తుంది, తాను మాత్రం ఎవరికీ ధ్రువపత్రం ఇవ్వదు. మీకు పత్రం ఇస్తామంటున్నవారికి ఆ గుర్తింపు ఉందేమో చూడండి. మనిషి వచ్చి మీ మురుగు గుంత మూత తీయించి చూస్తారా అని అడగండి. ఐరోపా సమాఖ్యలో 2026 సెప్టెంబరు 27 నుంచి నిరూపించలేని ‘పర్యావరణ హితం’ లాంటి గాలి మాటలు ప్రకటనల్లో వాడకుండా నిబంధన అమలవుతుంది. అక్కడి అతిథులు వచ్చేవాళ్లయితే ఇది గుర్తుంచుకోండి. చేతిలో డబ్బు తక్కువైతే పత్రం సంగతి తర్వాత, ముందు మురుగు సంగతి చూడండి. వెదురు టూత్‌బ్రష్‌లు ఆ తర్వాత.

ప్రశ్న: మా వల్ల ఊళ్లో పదిమందికి పని దొరికింది. అయినా ఊరివాళ్లు ముభావంగా ఉంటారు. మొన్న మా బాటకు అడ్డంగా ముళ్లకంప వేశారు. ఇంత చేసినా ఇదేనా?

ముళ్లకంప ఏ బాట మీద వేశారో రాయలేదు. మీరు వెళ్లకముందు ఆ బాట ఎవరిది? వాగుకు నీళ్ల కోసం, పశువుల మేత కోసం వాళ్లు నడిచిన దారికి మీరు గేటు పెట్టి ఉంటే, ఆ కంప మీకు వచ్చిన ఉత్తరమే అనుకోండి. ముందు గేటు తీయండి, తర్వాత మాట్లాడదాం.

ఆ పదిమంది ఏం పనులు చేస్తున్నారు? ఊడ్చడం, కాపలా, బరువులు మోయడం అయితే, లెక్కల గదిలోనూ మేనేజరు కుర్చీలోనూ ఎవరున్నారు? ఎన్నేళ్లలో ఊరివారు ఆ కుర్చీలోకి వస్తారో చెప్పగలరా? రువాండా ప్రభుత్వం పార్కుల ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ప్రజలకు ఇస్తుంది. 2017కు ముందు అది 5 శాతమే. నేపాల్‌లో జాతీయ ఉద్యానాల ఆదాయంలో 30 నుంచి 50 శాతం దాకా అంచు గ్రామాల అభివృద్ధికి ఖర్చు చేసే నిబంధన ఉంది. నమీబియా 1996లో చట్టం మార్చి, వన్యప్రాణుల మీద, వాటి వల్ల వచ్చే పర్యాటక ఆదాయం మీద స్థానిక సంఘాలకే హక్కులిచ్చింది. అక్కడ వసతిగృహం పెట్టాలనుకునేవారు ఆ సంఘంతో ఒప్పందం చేసుకుంటారు. మీరు ప్రభుత్వం కాదు, నిజమే. కానీ వాటా ఎంతో ముందే రాసి, అందరికీ తెలిసేలా ఉంచడం మీ చేతిలో పని. ఒక జాగ్రత్త: వాటాను లాభంలో శాతంగా రాయకండి, మొత్తం రాబడిలో శాతంగా రాయండి. లాభాన్ని లెక్కల్లో మాయం చేయడం ఎంత సులువో మీ అకౌంటెంటుకు తెలుసు, ఊరికీ తెలుసు.

అతిథులను ఇళ్ల మధ్యకు తీసుకెళ్లే ముందు అడగండి. వద్దంటే అక్కడితో వదిలేయండి. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచే అతిథులుంటే ఆ అలవాటును మొదటి రోజే ఆపండి.

ప్రశ్న: జంతువులు పిల్లలను పెట్టే కాలంలో రెండు నెలలు మూసేయమని మా జీవశాస్త్ర సలహాదారు అంటున్నారు. నెత్తిన అప్పుంది. మూస్తే బతికేదెలా? వచ్చే ఫోన్లకు ఏం చెప్పాలి?

సలహా వినండి. మనం వాయిదా వేసిన విశ్రాంతిని చోటు తనంతట తానే తీసుకుంటుంది, అప్పుడు గడువు మన చేతిలో ఉండదు. థాయిలాండ్‌లో ఒక దీవి మీదున్న మాయా బే తీరానికి ఒక దశలో రోజుకు వేలమంది వచ్చేవారు. పడవల లంగర్ల వల్ల, మనుషుల వల్ల పగడపు దిబ్బలు దెబ్బతిని 2018 జూన్‌లో మూశారు. మొదట నాలుగు నెలలే అన్నారు. తెరిచింది 2022 జనవరిలో. ఈలోగా నల్లమొన రెక్కల సొరచేపలు తీరానికి తిరిగి వచ్చాయి. ఇప్పుడు పడవలు అఖాతంలోకి రాకుండా దీవి వెనుక వైపు ఆగుతాయి, ఏటా కొన్నాళ్లు తీరాన్ని మూస్తున్నారు. మిమ్మల్ని అడుగుతున్నది రెండు నెలలు.

అప్పు సంగతికి వస్తే, బ్యాంకు దగ్గరికి వెళ్లి వాయిదాలను పది నెలల రాబడికి సరిపడేలా మార్చమని అడగండి. రాబడి ఏ నెలల్లో వస్తుందో చూపిస్తే, పంట రుణాల్లాగే వాయిదాలను కాలానికి తగ్గట్టు మార్చడం వాళ్లకు కొత్తేమీ కాదు. గది అద్దెలోనే ఆ రెండు నెలల జీతాలకు కొంత కలిపి వేరే ఖాతాలో వేయండి. సిబ్బందిని ఇంటికి పంపేస్తే మంచి గైడు తిరిగి రాడు. బాటల మరమ్మతు, ట్యాంకు శుభ్రం చేయించడం, కలుపు జాతి మొక్కలు పీకించడం లాంటి పనులు, గూళ్లకు దూరంగా ఉండేవి, ఆ నెలల్లోనే పెట్టుకోండి. కొలతల పుస్తకంలో ఏడాది అంకెలన్నీ ఒకచోట రాసుకోవడానికి కూడా అప్పుడే తీరిక దొరుకుతుంది. ఫోను చేసినవారికి ఎందుకు మూశారో చెప్పండి, ఎప్పుడు తెరుస్తారో చెప్పండి, ఆ తేదీకి బుకింగ్ రాసుకోండి.