ఆఫ్రికాలో యువతను సభలకు పిలుస్తున్నారు, వాళ్లు మాట్లాడుతున్నారు, ఆసుపత్రుల్లో మాత్రం ఏమీ మారడం లేదు. ఏం చేస్తే మారుతుంది?

దేశానికో పద్ధతి కాబట్టి కెన్యా వరకు చెప్తాను. అక్కడ 2010 రాజ్యాంగం బడ్జెట్ విషయంలో ప్రజల మాట వినడం తప్పనిసరి చేసింది. 2013 నుంచి చాలావరకు ఆసుపత్రులు 47 కౌంటీల (సొంత ప్రభుత్వం, అసెంబ్లీ ఉన్న ప్రాంతాలు) చేతికి వచ్చాయి. అంటే యువత వెళ్లాల్సింది నైరోబీలోని మంత్రిత్వ శాఖకు కాదు, సొంత కౌంటీకి.

చాలా సంస్థలు దెబ్బతినేది తేదీల దగ్గరే. కౌంటీ వార్షిక అభివృద్ధి ప్రణాళిక సెప్టెంబరు 1 లోగా, ఆర్థిక వ్యూహ పత్రం ఫిబ్రవరి 28 లోగా, బడ్జెట్ అంచనాలు ఏప్రిల్ 30 లోగా కౌంటీ అసెంబ్లీకి చేరాలి. జూలై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. పిల్లలను మే నెలలో బడ్జెట్‌పై ప్రజాభిప్రాయం వినే సభకు తీసుకెళ్తే ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఏ శాఖకు ఎంత అన్న గరిష్ఠ పరిమితి ఫిబ్రవరి పత్రంలోనే ఖాయమైపోయి ఉంటుంది. మేలో ఏదైనా అడిగితే ఇంకో పద్దులో కోత పెట్టి ఇవ్వాలి, దానికి ఎవరు ఒప్పుకుంటారు? అందుకే మొదటి వినతి జూలై, ఆగస్టుల్లోనే, రెండోది జనవరిలో వెళ్లాలి.

వినతికి ఆధారం కావాలి. 2002లో మలావీలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన కమ్యూనిటీ స్కోర్‌కార్డు ఇందుకు బాగా పనికొస్తుంది. ఒక హెల్త్ సెంటర్‌ను ఎంచుకుని ఏడెనిమిది అంశాలు రాసుకోండి: వేచి ఉండే సమయం, గోప్యత, మందుల లభ్యత, సిబ్బంది మాటతీరు లాంటివి. యువత విడిగా, సిబ్బంది విడిగా ఒక్కో అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయాలి, ప్రతి మార్కుకూ కారణం రాయాలి. తర్వాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీ చూసినవాళ్లకు ఈ ఉమ్మడి సమావేశం పరిచయంగానే అనిపిస్తుంది, కాకపోతే ఇది తప్పు పట్టుకునే వేదిక కాదు. మందులు లేవని నర్సును నిలదీస్తే సమావేశం అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే సరఫరాదారుకు కౌంటీ బకాయి పడితే ఆమె చేయగలిగిందేమీ ఉండదు. కాబట్టి సమస్యలను రెండుగా విడదీయండి. తలుపు వేసి మాట్లాడటం, సాయంత్రం బడి వదిలాక చూడటం సెంటర్ స్థాయిలోనే తీరతాయి. మందులు, పోస్టులు కౌంటీకి వెళ్లాలి. ప్రతిదానికీ బాధ్యుడి పేరు, గడువు రాసి, ఆరు నెలలకు మళ్లీ మార్కులు వేయండి.

కౌంటీని అడిగేటప్పుడు భవనం అడగొద్దు. వార్డు సభ్యులకు భవనాలు ఇష్టం, ప్రారంభోత్సవం చేయొచ్చు. కానీ జీతాల పద్దులో పోస్టు లేకపోతే ఆ ‘యువ కేంద్రం’ తాళంతోనే ఉంటుంది. ఫలానా సెంటర్‌లో ఒక నర్సు పోస్టు, వారానికి రెండు సాయంత్రాలు, ఏడాదికి ఇన్ని షిల్లింగులు అని రాయండి. 2001 అబుజా ప్రకటనలోని ‘బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి’ అన్న నినాదం కూడా ఇక్కడ అంతగా పనిచేయదు. అది దేశాధినేతలు జాతీయ బడ్జెట్ మీద ఇచ్చిన మాట.

ఆరోగ్య కమిటీలో యువతకు సీటు గురించి: ఆఫ్రికా యువజన చార్టర్ ప్రకారం యువత అంటే 15 నుంచి 35 ఏళ్లు, కెన్యా రాజ్యాంగం ప్రకారం 18 నుంచి 35 లోపు. దాంతో ముప్పై నాలుగేళ్ల వ్యక్తి ‘యువ ప్రతినిధి’గా కూర్చుంటాడు, పదిహేడేళ్ల గర్భిణి గొంతు ఎక్కడా వినపడదు. వయసు మెట్లవారీగా కనీసం రెండు సీట్లు అడగండి. ఒంటరిగా కూర్చున్న పిల్ల పెద్దల ముందు నోరు విప్పలేదు. సమావేశ పత్రాలు వారం ముందే ఇవ్వాలి. మటాటు (అక్కడి మినీబస్సు) ఛార్జీ బయల్దేరకముందే ఎం-పెసాలో, అంటే ఫోన్‌లోని డబ్బు ఖాతాలో పడాలి. తర్వాత ఇస్తామంటే పేదింటి పిల్లలే మానేస్తారు.

హెచ్‌ఐవీతో ఉన్న పిల్లలను వేదికెక్కించి వాళ్ల కథ చెప్పించడం దయచేసి మానండి. ఆ రోజు చప్పట్లు కొడతారు, మర్నాడు ఊళ్లో బతకాల్సింది ఆ పిల్లలు. జింబాబ్వేలో జ్వండిరి కార్యక్రమం హెచ్‌ఐవీతో జీవిస్తున్న 18–24 ఏళ్ల యువతకు శిక్షణనిచ్చి, తోటి పిల్లల చికిత్సకు తోడుగా పెడుతుంది. వాళ్ల అనుభవానికి అక్కడ పని దొరుకుతుంది, ప్రదర్శన కాదు.

బడ్జెట్ పాసయ్యాక చాలామంది వదిలేస్తారు. ప్రభుత్వ ఖర్చుపై నిఘా పెట్టే అధికారి అయిన కెన్యా బడ్జెట్ కంట్రోలర్ మూడు నెలలకోసారి కౌంటీల ఖర్చు నివేదికలు వెలువరిస్తారు. మీరు సాధించిన పద్దు ఏ శాఖ, ఏ కార్యక్రమం కింద ఉందో ముందే రాసిపెట్టుకుని, కేటాయింపు, విడుదల, ఖర్చు మూడూ పక్కపక్కన వేసి చూడండి. నివేదికలో అంత వివరం లేకపోతే కౌంటీ ఆరోగ్య శాఖకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి అడగండి. సమాచార హక్కు చట్టం అక్కడ 2016 నుంచి ఉంది.