ఈసీఈ మూడో ఏడాది: సెన్సర్ నెట్‌వర్క్ ప్రాజెక్టు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌లో బ్యాటరీ ఆదా చేసే మ్యాక్ ప్రోటోకాల్ (ఏ రేడియో ఎప్పుడు పంపాలి, ఎప్పుడు వినాలి అని చెప్పే నియమాలు) మీద ప్రాజెక్టు చేయమని మా గైడ్ అంటున్నారు. ఫ్రెండ్సేమో అది పాత టాపిక్, దాంతో ఉద్యోగం రాదు, పైథాన్ నేర్చుకో అంటున్నారు. టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: తీసుకో అమ్మా. టాపిక్ పాతదే, ఇలాంటి ప్రోటోకాల్సే ఎస్‌-మ్యాక్ 2002లో, బీ-మ్యాక్ 2004లో, ఎక్స్‌-మ్యాక్ 2006లో వచ్చేశాయి. వాటికే ఇంకో అక్షరం తగిలించి సిమ్యులేషన్ గ్రాఫులతో సరిపెట్టినా, డబ్బు కట్టి రెడీమేడ్ ప్రాజెక్టు తెచ్చుకున్నా నీ ఫ్రెండ్స్ మాటే నిజమవుతుంది.

మీ వైపు చీనీ (బత్తాయి) తోటలో నేల తేమ చూసే సెన్సర్ ఒకటి పెట్టావనుకో. అది గంటకోసారి పంపేది నాలుగు అంకెలే, కానీ ఎవరైనా పిలుస్తారేమోనని రేడియో ఊరికే వింటూ కూర్చుంటే పంపేటప్పుడు ఎంత కరెంటు తింటుందో దాదాపు అంతే తింటుంది. ఇలాంటి సెన్సర్లలో వాడిన సీసీ2420 అనే రేడియో చిప్ డేటాషీట్ తీసి చూడు, పూర్తి పవర్‌తో పంపడానికి 17.4 మిల్లీఆంపియర్లు, వినడానికి 18.8. రెండు ఏఏ బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి 2500 మిల్లీఆంపియర్ అవర్ అనుకుంటే, రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే ఐదున్నర రోజుల్లో ఖాళీ. నూటికి ఒక వంతు సమయమే మేలుకుంటే రేడియో లెక్క వరకు ఏడాదిన్నర వస్తుంది. మరి అందరూ నిద్రపోతుంటే ఎవరు ఎప్పుడు లేవాలి, కబురు ఎంత ఆలస్యమైనా పర్లేదు, ఇద్దరు ఒకేసారి పంపితే ఏంటి? మ్యాక్ పనంతా ఇదే. ఈ లెక్క కాగితం మీద నువ్వే వేసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో నీ మాటకు బరువుంటుంది.

సెన్సర్ బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికీ-ఎన్‌జీతో వచ్చే కూజా సిమ్యులేటర్ ఉచితం, అక్కడ మొదలుపెట్టు, అక్కడే ఆగిపోవద్దు. రెండు మూడు 802.15.4 (తక్కువ పవర్ రేడియో ప్రమాణం) బోర్డులు సంపాదించి నిజంగా కరెంటు కొలువు. మామూలు మల్టీమీటర్‌కు ఆ చిన్న చిన్న మేలుకోవడాలు అందవు, కరెంటు దారిలో చిన్న షంట్ రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టేజీని ఆసిలోస్కోప్‌లో చూడాలి. ఈ పని చేసిన పిల్లలంటే నాకు చాలా గౌరవం.

ఉద్యోగాల్లో మ్యాక్ అనే పేరు వెతకొద్దు, ఎంబెడెడ్, ఫర్మ్‌వేర్, ఐఓటీ అని వెతుకు. వీటికి సీ భాష గట్టిగా రావాలి. పైథాన్ కూడా నేర్చుకో, కొలిచిన డేటా గ్రాఫ్ గీయడానికి అదే పనికొస్తుంది. ముందు మీ గైడ్‌ని ల్యాబ్‌లో బోర్డులు ఉన్నాయో లేదో అడుగు, లేకపోతే నలుగురు కలిసి కొనుక్కోండి.