టెక్ సందేహాలు: బాబు ఫోన్ తీసుకెళ్లి బకెట్లో వేశాడు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పసిపిల్లలున్న ఇళ్ల నుంచే వచ్చాయి. ప్రింటర్ల వాళ్లూ, వైఫై వాళ్లూ ఒక్క వారం ఆగండి.

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. నాది వర్క్ ఫ్రమ్ హోమ్. సాయంత్రం ఆరున్నరకి లాప్‌టాప్ మూసేసి వాడితో కూర్చుంటాను కానీ చేతిలో ఫోన్ ఉంటుంది. మొన్న నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకున్నాడు. నిన్న ఏకంగా ఫోన్ తీసుకెళ్లి బకెట్లో వేశాడు. ఆ గంటసేపు ఫోన్ జోలికి పోకుండా ఆపే యాప్ ఏదైనా ఉందా? ఊళ్లో అమ్మకి ఒంట్లో బాగుండదు, ఆవిడ కాల్ మాత్రం మిస్ కాకూడదు.
- మియాపూర్ నుంచి ఒక తండ్రి

జవాబు: కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు, కావలసినదంతా మీ ఫోన్లోనే ఉంది. అమ్మ ఫోన్ చేస్తుందేమో అన్న భయంతోనే మనం ఫోన్ పక్కన పెట్టుకుంటాం, తీరా తెరిచాక చూసేది మాత్రం క్రికెట్ స్కోరు. కాబట్టి ముందు ఆ భయానికి మందు వేద్దాం.

ఆండ్రాయిడ్ అయితే కాంటాక్ట్స్‌లో అమ్మ నంబరుకీ, నిజంగా అవసరమైన మరో ఇద్దరి నంబర్లకీ స్టార్ పెట్టండి. సెట్టింగ్స్‌లో డూ నాట్ డిస్టర్బ్ (ఫోన్ మోగకుండా ఆపేది) తెరిచి, కాల్స్ దగ్గర స్టార్ ఉన్న కాంటాక్ట్స్‌కి మాత్రమే అనుమతి ఇవ్వండి (కంపెనీని బట్టి మెనూ పేర్లు కాస్త మారతాయి, కొత్త ఫోన్లలో ఇది మోడ్స్ కింద ఉంటుంది). అక్కడే షెడ్యూల్ కూడా ఉంటుంది. రోజూ ఆరున్నర నుంచి ఏడున్నర అని ఒక్కసారి పెట్టేస్తే మళ్లీ గుర్తుంచుకోనక్కర్లేదు. రిపీట్ కాలర్స్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే ఒకే నంబరు నుంచి 15 నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. ఐఫోన్‌లో ఫోకస్ అనేది ఇదే పని చేస్తుంది, కాకపోతే అక్కడ గడువు మూడు నిమిషాలే. పర్సనల్ లోన్ కావాలా అని అడిగేవాళ్లు కూడా ఒక్కోసారి వెంటనే రెండోసారి చేస్తారు కాబట్టి, అమ్మకి స్టార్ పెట్టాక ఇది ఆపేసినా నష్టం లేదు.

ఇప్పుడు రింగర్ ఫుల్‌గా పెట్టి ఫోన్‌ని పక్క గదిలో వదిలేయండి. మా ఇంట్లో దాని చోటు ఫ్రిజ్ మీద. మోగితే హాల్లోకి చక్కగా వినిపిస్తుంది. మోగలేదంటే అర్థం, ఎవరికీ అంత అర్జెంట్ లేదని. జేబులో సైలెంట్‌లో పెట్టుకోవడం కంటే ఇది నయం, ఎందుకంటే జేబులో ఉన్న ఫోన్‌ని ఏమీ రాకపోయినా తీసి చూస్తాం, అది నోటిఫికేషన్ల తప్పు కాదు, చేతికి పడిన అలవాటు. స్మార్ట్ వాచ్ ఉంటే అదీ తీసేయండి. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు, ఫోన్ పక్క గదిలో ఉన్నా ఫ్యామిలీ గ్రూప్‌లో గుడ్ ఈవెనింగ్ వచ్చినప్పుడల్లా మణికట్టు మీద టకటకమంటుంది, మీ చూపు అటు పోతుంది, వాడు కట్టిన బ్లాకుల మేడని మీరు చూడరు.

గడ్డం పట్టుకుని తిప్పుకున్నాడన్నారు కదా, అది అల్లరి కాదండీ. 1970లలో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. తల్లి పసిబిడ్డతో ఆడుకుంటూ ఉండి, ఉన్నట్టుండి కొద్ది నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు అలాగే చూస్తూ ఉండిపోవాలి. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు ఊపుతుంది, కూతలు పెడుతుంది, ఏం చేసినా అమ్మ పలక్కపోయేసరికి మొహం తిప్పుకుని ఏడుపు మొదలెడుతుంది. ఆయన ప్రయోగం ఫోన్ల గురించి కాదు, అప్పటికి ఈ ఫోన్లే లేవు. కానీ వాట్సాప్ చదువుకుంటున్నప్పుడు మన మొహం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరినైనా ఒక ఫొటో తీయమనండి. నాది నేను చూసుకున్నాను, కరెంటు బిల్లు చదువుతున్నవాడిలా ఉంది.

మొదటి రెండు మూడు రోజులు పది నిమిషాలకే విసుగొస్తుంది, అదే బంతిని అదే మంచం కిందకి ఇరవైసార్లు తోస్తాడు మరి. గంట కుదరకపోతే అరగంటే పెట్టుకోండి.

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర. ఫోన్లో వీడియో పెడితేనే నాలుగు ముద్దలు తింటుంది. పిల్లలకి సేఫ్‌గా ఉండే యాప్ చెప్పండి.
- రాజమండ్రి నుంచి ఒక అమ్మ

జవాబు: యూట్యూబ్ కిడ్స్‌లో వెతకడం ఆపేయొచ్చు, టైమర్ పెట్టొచ్చు, మీరు ఎంచిన వీడియోలే వచ్చేలా చేయొచ్చు. కానీ ఆ వయసుకి నేను ఏ యాప్‌నీ సిఫారసు చేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా అదే, రెండేళ్లు నిండేదాకా ఇలా కూర్చుని స్క్రీన్ చూడటం వద్దు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రోజుకి గంట మించకూడదు. స్క్రీన్ చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. ఒక్కసారిగా మాన్పిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది, నిజమే. వారం రోజులు బొమ్మ లేకుండా పాట మాత్రమే వినిపించండి, ఫోన్ గూట్లో ఉండాలి, పాట స్పీకర్లోంచి రావాలి. ఆ తర్వాత పాట మీరే పాడుతూ గోరుముద్దలు పెట్టండి, గొంతు ఎలా ఉన్నా పాప ఏమీ అనుకోదు. కొన్నాళ్లు ఓ నాలుగు ముద్దలు తక్కువ తినొచ్చు. బరువు గురించి టెన్షన్ ఉంటే పిల్లల డాక్టర్ని అడగండి, నన్ను కాదు.

ప్రశ్న: మనవడు డాలస్‌లో. రెండేళ్లు. వీడియో కాల్‌లో నిమిషం కూర్చోడు, ఎర్ర బటన్ నొక్కి కట్ చేసేస్తాడు. స్క్రీన్ వద్దంటున్నారు కదా, ఇదీ మానేయాలా?
- విజయవాడ నుంచి ఒక తాతయ్య

జవాబు: వద్దు వద్దు, మానేయకండి. వీడియో కాల్‌కి పిల్లల డాక్టర్లు కూడా మినహాయింపు ఇస్తారు, ఎందుకంటే అవతల ఉన్నది బొమ్మ కాదు, పలికే మనిషి. అక్కడ ఐఫోన్ గానీ ఐప్యాడ్ గానీ ఉంటే మీ అబ్బాయిని గైడెడ్ యాక్సెస్ (ఫోన్‌ని ఒకే యాప్‌కి కట్టేసే సెట్టింగ్) ఆన్ చేసి, అందులో టచ్ ఆపేయమనండి. ఇక వాడెంత నొక్కినా కాల్ కట్ కాదు. ఆండ్రాయిడ్‌లో అలాంటిదే యాప్ పిన్నింగ్ ఉంది గానీ ఎర్ర బటన్ పని చేస్తూనే ఉంటుంది, ఫోన్‌ని చేతికందని ఎత్తులో ఆనించి పెట్టుకోవడమే మార్గం. వాడిని కూర్చోబెట్టాలని చూడకండి. వాడు ఆడుకుంటూ ఉంటే మీరు చూస్తూ ఉండండి, మధ్యమధ్యలో తువ్వాలు మొహం మీద వేసుకుని దోబూచులాడండి. అక్కడ పొద్దున టిఫిన్ టైమ్‌కి మనకి సాయంత్రం, అదే మంచి వేళ. ఇంకో మాట, మాట్లాడేటప్పుడు కింద మూల కనిపించే మీ బొమ్మని కాకుండా పైన ఉండే కెమెరాని చూడండి, తాతయ్య తననే చూస్తున్నట్టు ఉంటుంది వాడికి.

ప్రశ్న: పాప వీడియోలతో ఫోన్ నిండిపోయింది, గూగుల్ ఫొటోస్ కూడా ఫుల్. ఏం చేయాలి?
- వరంగల్ నుంచి

జవాబు: 2021 జూన్ నుంచి అక్కడ ఉచితంగా లెక్కలేనన్ని దాచుకోవడం పోయింది, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీయే. ఒక హార్డ్ డిస్క్ కొని నెలకోసారి అందులోకి ఎక్కించండి. కెమెరా సెట్టింగ్స్‌లో వీడియోని 4కే నుంచి 1080కి దించితే ఒక్కో ఫైలు బాగా తగ్గుతుంది. ఇక పాప కేకు కోసేటప్పుడు ఒక్కరు తీస్తే చాలు, మిగతా అందరూ చప్పట్లు కొట్టండి.