ఖర్చులకు పెద్దకొడుకు, సంతకానికి ఆడపిల్ల

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. చెన్నైలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ మేనేజరుని. మాది నెల్లూరు. నాన్న 2003లో పోయారు. అప్పటి నుంచి ఇల్లు నా జీతం మీదే నడిచింది. తమ్ముడిని ఇంజనీరింగ్ చదివించి అమెరికా పంపాను. చెల్లి పెళ్లి చేశాను. నాకు పెళ్లి కాలేదు. అమ్మ కొళత్తూరులో నా దగ్గరే ఉంటుంది. బాధ్యతలన్నీ తీరాక ఎందుకు బతుకుతున్నానో తెలియడం లేదు. ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం అడయారులో ‘జీవిత లక్ష్యం’ శిక్షణకు వెళ్తున్నాను. జపానువారి ప్రాచీన పద్ధతి అంటూ నాలుగు వృత్తాలు గీయించారు: నాకు ఇష్టమైనది, నాకు చేతనైనది, లోకానికి కావలసినది, జీతం తెచ్చేది. మూడు నిండాయి, ‘నాకు ఇష్టమైనది’ అనే వృత్తం ఖాళీగా ఉంది. ‘నేను ఎవరు’ అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయించారు, అవి జతచేస్తున్నాను. నా లక్ష్యం ఏమిటో మీరైనా చెప్పగలరా? రెండో విడతకు డబ్బు కట్టనా? వచ్చే నెల తమ్ముడు డాలస్ నుంచి వస్తున్నాడు. నాన్న కట్టిన నెల్లూరు ఇల్లు తన పేరు మీదకు మార్చుకుని బిల్డరుకు ఇస్తాడట. నాన్న వీలునామా రాయలేదు కనుక నేను సంతకం చేయాలి. ‘నీకెవరున్నారని ఇల్లు’ అని సంక్రాంతికి అమ్మ అంది. అది వేరే విషయం లెండి.
– ఒక సోదరి, చెన్నై

జవాబు: వేరే విషయం కాదు తల్లీ, అసలు విషయం అదే.

ఉత్తరమంతా లక్ష్యం గురించి రాసి, అమ్మ అన్న మాటను చివరి వాక్యాల్లోకి తోసేశారు. సంక్రాంతికి ఆ మాట పడింది. ఫిబ్రవరిలో మీరు శిక్షణలో చేరారు. లెక్కల మనిషి కదా, ఆ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇరవై ఏళ్లకు పైగా బతుకుకు అర్థమేమిటని అడగడానికి తీరిక లేని మనిషికి ఆ ప్రశ్న ఉన్నట్టుండి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి కోసమైతే ఇదంతా చేశారో ఆవిడే ‘నీకెవరున్నారు’ అన్నందుకు వచ్చింది.

మీ లక్ష్యం ఏమిటో నేను చెప్పను. ఎవరూ చెప్పలేరు, డబ్బు తీసుకుని అసలే చెప్పలేరు. ఆ నాలుగు వృత్తాల ప్రాచీనత కూడా తెలుసుకోండి. ఆండ్రెస్ సుసునాగా అనే స్పెయిన్ దేశస్థుడు గీసిన బొమ్మను 2014లో మార్క్ విన్ అనే ఆయన తీసుకుని నడిమధ్య ‘ఇకిగాయ్’ అని, అంటే బతుకుకు అర్థం అనే జపాను మాట, రాశాడు. ఆ విషయం మీద 1966లోనే లోతుగా రాసిన జపాను మానసిక వైద్యురాలు మియెకో కామియా, కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన మనిషి. అయినవాళ్లకు దూరమై బతుకుతున్నవాళ్లను దగ్గరగా చూసి చేసిన ఆలోచన అది. జీతం తెచ్చే పని ఏదో తేల్చే వృత్తం అక్కడ ఎవరికి కావాలి?

ఇరవై జవాబుల పద్ధతిని మాత్రం తీసిపారేయను. కున్, మెక్‌పార్ట్‌లాండ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు 1954లో దాన్ని వెలుగులోకి తెచ్చారు. మనిషి తనను తాను ఏ బంధాలతో, ఏ పనులతో గుర్తించుకుంటాడో చూడడానికి పనికొస్తుంది. మీ జాబితా చదివాను. మొదటి జవాబు ‘అక్కను’. ఆ తర్వాత ఉద్యోగం, మేనత్త, పెద్దమ్మ, చివరికి అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి పదవి కూడా ఉంది. ఏడోది ‘మా ఇంటికి పెద్దకొడుకుని’. ఇరవైలో ఎక్కడా ‘కూతురిని’ అని లేదు. అమ్మతో ఒకే ఇంట్లో ఉంటూ, ఆవిడ బీపీ మాత్రలు అయిపోకుండా చూసుకుంటూ, ఆ ఒక్క జవాబు మీ చేతికి రాలేదు. మీ శిక్షకులు దీన్ని గమనించారా?

పెద్దకొడుకు అనే ఆ బిరుదు మీద నాకు చాలాకాలంగా కోపం. సంపాదించే ఆడపిల్లకు మన ఇళ్లలో నలుగురి ఎదుట కప్పే శాలువా అది. కప్పించుకున్న పిల్ల మురిసిపోయి, తన పెళ్లి మాట ఇంకో పదేళ్లు ఎత్తదు. కాలేజీ ఫీజు దగ్గర పెద్దకొడుకు, ఆసుపత్రి బిల్లు దగ్గర పెద్దకొడుకు. ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికి వచ్చేసరికి పెళ్లికాని ఆడపిల్ల!

మీ తమ్ముడి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. తనదని చిన్నప్పటి నుంచి విన్నదాన్నే అడుగుతున్నాడు. ఆ మాట వినిపిస్తూ పెంచినవాళ్లలో మీరూ ఉన్నారు. తేల్చుకోవాల్సింది అమ్మతో.

ఆవిడ ఆ మాట మిమ్మల్ని నొప్పించాలని అని ఉండరు. నడివయసులోనే భర్తను పోగొట్టుకున్నారు. తలకొరివి పెట్టాల్సిన కొడుకు సముద్రాల అవతల ఉన్నాడు. ఆ ఇల్లు కూడా అతనిది కాకపోతే ఇక ఇటువైపు చూడడేమోనని భయం. మీరైతే ఎక్కడికీ పోరు. పోతారేమోనన్న భయం ఉన్నవాళ్లనే అందరూ బుజ్జగిస్తారు. ఉండిపోయేవాళ్లను బుజ్జగించాల్సిన పనేముంది? అందుకే ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసింది. ఇది అర్థం చేసుకోండి, కానీ అర్థం చేసుకున్నాం కదా అని ఊరుకోకండి. తల్లిని చూసుకోవడం బిడ్డ ధర్మం, అందులో నాకు రెండో మాట లేదు. ఆ ధర్మాన్ని నోరు మూసుకునే చేయాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

సంతకం సంగతికి వద్దాం. నాన్నగారు స్వార్జితంతో కట్టి, వీలునామా లేకుండా పోయారు కనుక 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమాన వాటాలు. మీ నాయనమ్మ అప్పటికి లేరనుకుంటే ఒక్కొక్కరికీ నాలుగో వంతు. పెళ్లి అయిందా కాలేదా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. తాతల ఆస్తిలో కూడా సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986లోనే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇచ్చింది, దేశం మొత్తంలో ఆడపిల్లలందరికీ అది 2005లో వచ్చింది. వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే హక్కు విడుదల దస్తావేజు ఒకసారి రిజిస్టరయ్యాక, మనసు మారిందని వెనక్కి తీసుకునేది కాదు. ఒక వకీలుకు చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఇస్తారో ఉంచుకుంటారో మీ ఇష్టం. నన్నడిగితే నేనైతే ఇవ్వను. ప్రైవేటు ఉద్యోగం, వెనక పిల్లలు లేరు. ‘నీకెవరున్నారని ఇల్లు’ అన్నారు కదా, ఎవరూ లేనివాళ్లకే ఇల్లు ఎక్కువ అవసరం. ఇవ్వాలనుకుంటే మాత్రం, ‘ఇది నా వాటా, నీకు ఇస్తున్నాను’ అని తమ్ముడి మొహం చూసి చెప్పి ఇవ్వండి. అడిగారు కదా అని జారవిడుచుకోకండి.

శిక్షణ పుణ్యమా అని రాసే అలవాటు ఎలాగూ పట్టుబడింది. దాన్ని మంచి పనికి వాడుకుందాం. మనసును బాధపెట్టిన సంగతిని రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు విద్యార్థులతో రాయించి, జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఫలితాలు ప్రచురించారు. జరిగినదాన్నీ, అప్పటి తమ మనసునూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో మిగతావాళ్ల కంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. మీరు నాలుగు రోజులు లక్ష్యం మాట పక్కనపెట్టి అమ్మ గురించి రాయండి. ఎవరికీ చూపించకండి, మీ శిక్షకులకు కూడా.

అయిదో రోజు అమ్మతో మాట్లాడండి. టీవీ ఆపి, చెల్లెలిని ఫోన్లోకి లాగకుండా, ఇద్దరే కూర్చుని. ఎంత ఖర్చుపెట్టారో లెక్క చెప్పకండి, అది మొదలుపెడితే గొడవ అవుతుంది తప్ప మాట కాదు. ‘నీకెవరున్నారన్నావు. నువ్వున్నావనుకున్నానమ్మా’ అనండి చాలు. ఆవిడ ఏడవవచ్చు, నా ఖర్మ అనవచ్చు, వంటింట్లోకి లేచిపోవచ్చు. వెంటనే వెళ్లి ఊరడించకండి. ఆ మాట ఆవిడ దగ్గర కాసేపు ఉండనివ్వండి.

ఖాళీ వృత్తానికి తొందరేమీ లేదు. రెండో విడతకు ఇప్పుడు డబ్బు కట్టవద్దు.

రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకుని ఉంటే వాయిదా వేయమని ఈ వారమే తమ్ముడికి ఫోన్ చేయండి. టికెట్లు కొనేశానంటాడు. రమ్మనండి, అమ్మను చూసి వెళ్తాడు.