గన్నవరం ఫ్లైటుకి టైము ఎలా లెక్కేసుకోవాలంటే

అమ్మలూ,

శుక్రవారం రాత్రి ఏడింటి ఫ్లైటుకి ఆఫీసు నుంచి నాలుగున్నరకి బయల్దేరితే చాలని మీ అమ్మతో అన్నావట. చాలదమ్మా.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లలో దూరం ఒకచోట 500 దరిదాపు, ఇంకోచోట 310, మరోచోట 270 ఉంది కదా, మూడూ కరెక్టే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్ళు, మూడోది విమానాల వాళ్ళు వాడే నాటికల్ మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. అయితే అది మన బెంగళూరు ఎయిర్‌పోర్టున్న దేవనహళ్ళి నుంచి గన్నవరానికి తిన్నగా గీసిన గీత, రోడ్డు మీదైతే 650 కిలోమీటర్ల దాకా వస్తుంది.

విమానం గంటకి 800 కిలోమీటర్లు పోతుందిగా అని 500ని దాంతో భాగించేయకు. ఇంత దగ్గర ప్రయాణంలో పైకి లేవడానికీ కిందికి దిగడానికే చాలా టైము పోతుంది, ఆ వేగంతో ఎగిరేది కాసేపే. పైగా టికెట్ మీద వేసే టైము ఇక్కడ గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా. అందుకే జెట్ అయితే గంటంపావు అటూ ఇటూ, పంకాలుండే ఏటీఆర్ అయితే గంటన్నర పైన చూపిస్తుంది. బుక్ చేసేటప్పుడు విమానం రకం కూడా రాస్తారు, చూసుకో.

టైమంతా తినేసేది మన బెంగళూరు. నువ్వుండే ఎలక్ట్రానిక్ సిటీ ఆ చివర, ఎయిర్‌పోర్టు ఈ చివర, మధ్యలో సిల్క్ బోర్డు, హెబ్బాళ, అదీ శుక్రవారం సాయంత్రం. మ్యాపులో ఇప్పుడు చూస్తే వచ్చే టైము కాదు, ఆ రోజు ఆ వేళకి ఎంత పడుతుందో పెట్టి చూడు, రెండున్నర, మూడు గంటలు చూపించినా ఆశ్చర్యపోకు. బ్యాగేజీ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. అంటే ఐదుకల్లా లోపల ఉండాలి, రెండింటికల్లా రూము తాళం వెయ్యాలి. మధ్యాహ్నం సెలవు పెట్టేయ్. ఎయిర్‌పోర్టుకెళ్ళే వాయు వజ్ర బస్సు మంచిదే కానీ ట్రాఫిక్‌లో అదీ ఆగుతుంది, ఇంకో అరగంట ముందే ఎక్కు. టెర్మినల్ ఒకటా రెండా అన్నది టికెట్ మీద చూసి డ్రైవర్‌కి ముందే చెప్పు.

శనివారం తెల్లవారుజాము ఫ్లైటు చౌకగా ఉందని ఆశపడకు. డిసెంబరులో దేవనహళ్ళి దగ్గర పొగమంచు దిగితే పొద్దున విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, పది గంటల ముహూర్తానికి అక్క పక్కన నువ్వు లేకపోతే ఎలా? హైదరాబాదులో మారి వెళ్ళేదీ వద్దు, ఇంత చిన్న దూరానికి అక్కడ కూర్చునే టైమే ఎక్కువ. ఫ్లైటు మరీ ఖరీదనిపిస్తే రాత్రి బస్సెక్కు, పన్నెండు గంటలైనా పడుకుని వచ్చేయొచ్చు, నేనేమీ అనను.

గన్నవరంలో దిగాక గుడివాడకి ఇంకో గంట. కారు నేను మాట్లాడతాను, టికెట్ తీసిన వెంటనే ఫ్లైటు నంబరు పంపు.

మీ బాబాయి